సోర్స్ చేతికొచ్చింది, సామాను ఏది?

బొమ్మల్లోని అక్షరాలను చదివే టెసరాక్ట్‌ను సోర్స్ నుంచి బిల్డ్ చేద్దామని కూర్చున్న రోజు నాకింకా గుర్తే. పాత తెలుగు పత్రికల స్కాన్ పేజీలను అక్షరాలుగా మార్చాలి. నా ఉబుంటులో ఉన్న వెర్షన్ పాతది, కొత్తది కావాలంటే సోర్సే గతి. గిట్ నుంచి కోడ్ దిగడానికి పట్టింది రెండు నిమిషాలు. ఆ తరవాత సాయంత్రం దాకా టెసరాక్ట్ జోలికే పోలేకపోయాను. ఆటోమేక్ కావాలంది, లిబ్‌టూల్ కావాలంది, పీకేజీ-కాన్ఫిగ్ కావాలంది, లెప్టోనికా అనే ఇంకో లైబ్రరీ కావాలంది. ఒకటి తెచ్చిపెడితే దాని వెనక ఇంకోటి బయటపడేది.

సోర్స్ ఓపెన్‌గా ఉందన్న మాట మనకు బాగా అలవాటైంది. ఆ సోర్స్‌ను నడిచే ప్రోగ్రాముగా మార్చే సామాను ఎక్కణ్ణుంచి వస్తుంది, ఎవరిస్తారు, అందులో దేన్ని నమ్మొచ్చు అన్న సంగతి మాత్రం రీడ్‌మీ ఫైల్లో నాలుగు లైన్లతో సరిపెడతారు. లైసెన్సులు రాసినవాళ్ళు దీన్ని గమనించకపోలేదు. 1991 నాటి జీపీఎల్ రెండో వెర్షన్ ప్రకారం సోర్స్ అంటే ప్రోగ్రామును మార్చడానికి అనువుగా ఉండే రూపం. కంపైల్ చేయడానికి, ఇన్‌స్టాల్ చేయడానికి వాడే స్క్రిప్టులు కూడా అందులో భాగమే. కంపైలర్‌ను మాత్రం, ఆపరేటింగ్ సిస్టంతో మామూలుగా వచ్చేదే కదా అని, మినహాయించారు. ఆ "మామూలుగా" దగ్గరే చిక్కంతా ఉంది.

అసలు అది మామూలుగా వచ్చే రోజులు అప్పటికే పోతున్నాయి. 1990ల మొదట్లో సన్ కంపెనీ సొలారిస్ 2 నుంచి కంపైలర్‌ను విడదీసి వేరే ధరకు అమ్మడం మొదలుపెట్టింది. 1987లో రిచర్డ్ స్టాల్‌మన్ విడుదల చేసిన కంపైలర్ జీసీసీ ఆ యంత్రాల మీద అంతగా పాకడానికి ఈ అమ్మకం కూడా ఒక కారణం. డబ్బు పెట్టి కంపైలర్ కొనలేనివాళ్ళు, ఎవరో ముందే కంపైల్ చేసి పెట్టిన జీసీసీని తెచ్చుకుని, దానితో మిగతావన్నీ బిల్డ్ చేసుకున్నారు. మొదటి కంపైలర్‌ను ఎవరో ఒకరి చేతినుంచి తీసుకోక తప్పదన్నమాట. ఈ మాటకు మళ్ళీ వద్దాం.

మనవాళ్ళకు సోర్స్ బిల్డ్ దగ్గర తడబాటు కాస్త ఎక్కువగా ఉండటానికి కారణం కాలేజీ ల్యాబ్‌లోనే ఉంది. మన ఇంజనీరింగ్ కాలేజీల్లో ఒక తరం తరమంతా టర్బో సీ నీలం తెర మీదే సీ భాష నేర్చుకుంది. కంట్రోల్, ఎఫ్9 కలిపి నొక్కితే అవుట్‌పుట్. ఆ ఒక్క నొక్కుడులో ప్రీప్రాసెసర్, కంపైలర్, లింకర్ ఒకదాని వెనక ఒకటి పని చేస్తాయని వైవాలో గడగడా చెప్పేవాళ్ళం. వాటిని విడివిడిగా చూసినవాళ్ళు తక్కువ. తెర తుడవడానికి పెట్టుకునే కోనియో హెడర్ సీ భాషలో భాగమనుకున్నవాళ్ళు, లినక్స్‌కు వచ్చాక ఆ ఫైలే లేదని జీసీసీ అంటే కంపైలర్ పాడైందనుకున్నారు. అది బోర్లాండ్ వాళ్ళు తమ డబ్బాలో వేసి ఇచ్చిన సొంత సరుకు. ఏది భాష, ఏది కంపైలర్‌తో వచ్చేది, ఏది మనం తెచ్చుకోవాల్సింది అనే తేడా తెలిస్తే సోర్స్ బిల్డ్‌లో సగం భయం పోతుంది.

సిస్టంను బట్టి సామాను తెచ్చుకునే దారి మారుతుంది. డెబియన్, ఉబుంటులలో బిల్డ్-ఎసెన్షియల్ అనే ఒక్క ప్యాకేజీ అడిగితే సీ కంపైలర్, సీ ప్లస్ ప్లస్ కంపైలర్, మేక్, సీ లైబ్రరీ హెడర్లు దిగిపోతాయి. తమాషా ఏమిటంటే దానితోపాటు డెబియన్ ప్యాకేజీలు తయారు చేసే పనిముట్లు కూడా వస్తాయి. ఆ జాబితా అసలు రాసుకున్నది డెబియన్ ప్యాకేజీలు కట్టేవాళ్ళ కోసం. మనం దాన్ని వాడుకుంటున్నాం, అంతే. ఫెడోరాలో డెవలప్‌మెంట్ టూల్స్ అనే గ్రూపు, ఆర్చ్‌లో బేస్-డెవెల్. మ్యాక్‌లో ఎక్స్‌కోడ్ మొత్తం అక్కర్లేదు, దాని కమాండ్ లైన్ టూల్స్ చాలు. అక్కడ జీసీసీ అని టైప్ చేసినా పలికేది క్లాంగ్. విండోస్‌లో దారులు మూడు: మైక్రోసాఫ్ట్ సొంత బిల్డ్ టూల్స్, ఎంసిస్2 ద్వారా వచ్చే మింగ్‌డబ్ల్యూ, లేదంటే విండోస్ లోపలే లినక్స్ నడిపే డబ్ల్యూఎస్ఎల్. ఒక దారిలో బిల్డ్ చేసిన సీ ప్లస్ ప్లస్ లైబ్రరీ ఇంకో దారిలో లింక్ కాదు. మొదటిసారి ప్రయత్నించేవాళ్ళు డబ్ల్యూఎస్ఎల్ పట్టుకోవడం మంచిదని నా అభిప్రాయం. ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుల సూచనల్లో ఎక్కువ భాగం లినక్స్‌ను మనసులో పెట్టుకుని రాసినవే.

ఇదంతా తేలిక భాగం. కంపైలర్ దొరకనందుకు ఆగిపోయినవాళ్ళు నాకు పెద్దగా తారసపడలేదు. ఆగిపోయేది హెడర్ల దగ్గర. జీలిబ్ హెడర్ లేదని కంపైలర్ అంటుంది. జీలిబ్ సిస్టంలో ఉందే అని మనం తల గోక్కుంటాం. ఉన్నది నడిపించే భాగం. దానితో కొత్త ప్రోగ్రామును కంపైల్ చేయడానికి కావలసిన హెడర్లను డెబియన్ వేరే ప్యాకేజీలో పెట్టి, పేరు చివర డెవ్ అని తగిలిస్తుంది. ఫెడోరా డెవెల్ అంటుంది. ఆర్చ్ అసలు విడదీయదు. ఒకే లైబ్రరీకి మూడు చోట్ల మూడు పేర్లు. ప్రాజెక్టు రాసినవాడికి తన ఊరి పేరే తెలుసు. మనం అడిగే హెడర్ ఏ ప్యాకేజీలో ఉందో వెతికి చెప్పే పనిముట్టు రెండు చోట్లా ఉంది: డెబియన్‌లో ఆప్ట్-ఫైల్, ఫెడోరాలో డీఎన్‌ఎఫ్ ప్రొవైడ్స్. వీటి పేర్లు తెలియక ఇంటర్నెట్‌లో గంటలు గంటలు వెతికేవాళ్ళను చూస్తే జాలేస్తుంది. ఇంతకంటే సులువైనది ఆప్ట్ బిల్డ్-డెప్. ఆ సాఫ్ట్‌వేర్ పాత వెర్షన్‌ను డెబియన్ ఎప్పుడో ఒకప్పుడు బిల్డ్ చేసే ఉంటుంది కాబట్టి, అప్పుడు వాళ్ళకు ఏవేవి అవసరమయ్యాయో అవన్నీ ఒక్క దెబ్బతో దించుతుంది. కాకపోతే సోర్స్ ప్యాకేజీల చిరునామా సెట్టింగుల్లో ముందే తెరిచి ఉంచాలి, ఉబుంటులో మామూలుగా అది మూసి ఉంటుంది.

ఈ విషయంలో టెసరాక్ట్‌కు మార్కులు వేయాలి. లెప్టోనికా లేకపోతే దాని కాన్ఫిగర్ స్క్రిప్టు ఊరికే ఫలానాది లేదని ఆగిపోదు, ఫలానా ప్యాకేజీ వేసి చూడు అని పేరుతో సహా చెబుతుంది. ఆ ఒక్క లైను రాసినవాళ్ళు ఎంతమంది సాయంత్రాలు నిలబెట్టారో.

బిల్డ్ సిస్టంల చరిత్ర చదివితే ఒక విషయం నవ్వు తెప్పిస్తుంది. 1976లో బెల్ ల్యాబ్స్‌లో స్టువర్ట్ ఫెల్డ్‌మన్ మేక్‌ను రాసినప్పుడు, కమాండ్ లైన్ల మొదట ట్యాబ్ అక్షరం ఉండి తీరాలన్న నియమం పెట్టాడు. కొన్నాళ్ళకు అది తప్పని తెలిసింది గానీ, అప్పటికే ఓ పన్నెండు మంది వాడుతున్నారు, ఎక్కువగా స్నేహితులే. వాళ్ళను ఇబ్బంది పెట్టడం ఇష్టం లేక అలాగే ఉంచేశాడు. ఆ పన్నెండు మంది మీది మొహమాటానికి ఇవాళ్టికీ మనం ట్యాబ్ కొడుతున్నాం. ఒక్కో యూనిక్స్ ఒక్కో రకంగా ఉండటంతో 1991లో డేవిడ్ మెకెంజీ ఆటోకాన్ఫ్ మొదలుపెట్టాడు. కాన్ఫిగర్, మేక్, మేక్ ఇన్‌స్టాల్ అనే మూడు మాటల మంత్రం అక్కణ్ణుంచి వచ్చిందే. 2000లో కిట్‌వేర్ సంస్థ వైద్య చిత్రాల మీద పనిచేసే ఒక ప్రాజెక్టు కోసం సీమేక్ కట్టింది, విండోస్‌లోనూ నడవాలి గనక. గూగుల్ క్రోమ్ కోసం ఇవాన్ మార్టిన్ రాసిన నింజా మేక్ చేసే పనినే వేగంగా చేస్తుంది, కానీ దాని ఫైళ్ళను మనుషులు రాయాలని ఉద్దేశించలేదు. జుస్సీ పక్కనెన్ రాసిన మెసాన్ ఆ నింజా ఫైళ్ళను పుట్టిస్తుంది. మెసాన్‌కు పైథాన్ కావాలి. అంటే సీ ప్రోగ్రామును బిల్డ్ చేయడానికి పైథాన్ ఇన్‌స్టాల్ చేసుకుంటున్నాం. ఎవరికీ ఇది వింతగా అనిపించడం మానేసింది.

ఈ మంత్రాల్లో ఒక లోపం 2024 మార్చి 29న బయటపడింది. పోస్ట్‌గ్రెస్ డెవలపర్ ఆండ్రెస్ ఫ్రాయిండ్ తన డెబియన్ యంత్రంలో ఎస్ఎస్‌హెచ్ లాగిన్ దాదాపు అర సెకను ఆలస్యమవుతోందని కూపీ లాగితే, ఎక్స్‌జెడ్ అనే కంప్రెషన్ లైబ్రరీ 5.6.0, 5.6.1 వెర్షన్లలో దొంగదారి ఉన్నట్టు తేలింది. ఎక్స్‌జెడ్‌కూ ఎస్ఎస్‌హెచ్‌కూ నేరుగా సంబంధమే లేదు. డిస్ట్రోలు కలిపిన ఒక సవరణ వల్ల సిస్టండీ లైబ్రరీ ద్వారా చుట్టుతిరిగి లింక్ అవుతుంది. దొంగ ఎక్కడ దాక్కున్నాడన్నది మన విషయానికి ముఖ్యం. సీ కోడ్‌లో కాదు, బిల్డ్ సామానులో. గిట్‌లో ఉన్న సోర్స్ చూస్తే దాన్ని ప్రేరేపించే లైన్లు లేవు. విడుదల కోసం తయారు చేసిన టార్‌బాల్‌లో మాత్రం ఆటోకాన్ఫ్ వాడే ఒక ఎం4 ఫైలును మార్చి పెట్టారు. ఆ ఫైలు పరీక్షల కోసం ఉంచిన పాడైన డేటా ఫైళ్ళ నుంచి విషాన్ని తీసి, బిల్డ్ జరుగుతుండగా కలిపేది. అదీ డెబియన్ లేదా ఆర్‌పీఎం ప్యాకేజీ కడుతుంటేనే.

గిట్ నుంచి తెచ్చుకున్న టెసరాక్ట్‌లో కాన్ఫిగర్ స్క్రిప్టు ఉండదు. అందుకే నన్ను ఆటోమేక్, లిబ్‌టూల్ అడిగింది, ఆ స్క్రిప్టును నా యంత్రంలోనే పుట్టించడానికి. చాలా ప్రాజెక్టుల విడుదల టార్‌బాల్‌లలో అయితే ఆ స్క్రిప్టును ముందే పుట్టించి ఇస్తారు, వాడేవాడికి శ్రమ తగ్గాలని. వేల లైన్లుండే ఆ స్క్రిప్టును ఎవరూ చదవరు. నాకు ఆ రోజు చిరాకు తెప్పించిన ఆటోమేక్ నిజానికి నన్ను ఆ ముసుగు దాటించిందని ఎక్స్‌జెడ్ తరవాతే అర్థమైంది. శ్రమ తగ్గించడానికి ముందే వండి ఇచ్చే ప్రతి ఫైలూ ఎవరినో నమ్మమని అడగడమే.

దీనికి తెలుగుతో నేరుగా ముడిపడిన ఉదాహరణ హార్ఫ్‌బజ్. క్రోమ్, ఫైర్‌ఫాక్స్, ఆండ్రాయిడ్, లిబ్రేఆఫీస్‌లలో తెలుగు ఒత్తులూ గుణింతాలూ తెర మీద సరిగా కూర్చోవడానికి కారణం బెహ్దాద్ ఎస్ఫాబొద్ రాసిన ఈ లైబ్రరీ. "స్త్రీ" అన్న మాటలో స, పొల్లు, త, పొల్లు, ర, ఈకారం అని ఆరు సంకేతాలుంటాయి. అవన్నీ ఒకే అక్షరమని ముందు గుర్తించాలి. ఆ గుర్తింపు నియమాలను రాగెల్ అనే పనిముట్టు భాషలో రాశారు. రాగెల్ వాటిని సీ ప్లస్ ప్లస్‌గా మారుస్తుంది. మార్చిన ఫైళ్ళు కూడా సోర్స్‌తోపాటే ఇస్తారు కాబట్టి, హార్ఫ్‌బజ్‌ను ఊరికే బిల్డ్ చేసేవాళ్ళకు రాగెల్ అక్కర్లేదు. అది లేకపోతే బిల్డ్ ఆగదు. హార్ఫ్‌బజ్‌నే మార్చే ఉద్దేశముంటే రాగెల్ వేసుకోమని ఒక హెచ్చరిక మాత్రం ఇస్తుంది.

ఆ చిన్న హెచ్చరికలో అసలు విషయమంతా ఉంది. సామాను రెండు రకాలు: బిల్డ్ చేయడానికి కావలసింది ఒకటి, మార్చడానికి కావలసింది ఇంకోటి. జీపీఎల్ చెప్పిన "మార్చడానికి అనువైన రూపం" రెండో దానికి సంబంధించింది. మొదటి రకాన్ని ఎంతైనా సులభం చేయొచ్చు. హార్ఫ్‌బజ్ దీన్ని చివరిదాకా తీసుకెళ్ళింది: సోర్స్ మొత్తాన్ని కలుపుకునే ఒకే ఒక్క ఫైలుంది, దాన్ని సీ ప్లస్ ప్లస్ కంపైలర్‌కు ఇస్తే చాలు, మెసాన్ లేదు, నింజా లేదు. అయితే తెలుగు అక్షరం ఎక్కడ తెగుతోందో సరిదిద్దాలనుకునేవాడు ఆ దారిన పోలేడు, రాగెల్ దగ్గరికే రావాలి.

ఇది ఎందుకు పట్టించుకోవాలో 2018 ఫిబ్రవరి గుర్తున్నవాళ్ళకు చెప్పనక్కర్లేదు. తెలుగు "జ్ఞా" అక్షరాల వరస ఒకటి, మధ్యలో కనిపించని ఒక సంకేతంతో, మెసేజ్‌లో వస్తే చాలు, ఐఫోన్లలో యాప్‌లు కూలిపోయాయి. ఆపిల్ తన లైబ్రరీని సరిదిద్ది ఐఓఎస్ 11.2.6 విడుదల చేసేదాకా ప్రపంచమంతా మన అక్షరాన్ని బాంబులా చూసింది. ఆ కోడ్ మనకు కనిపించదు గనక తెలుగువాడు ఎవడూ దాన్ని తెరిచి చూడలేకపోయాడు. హార్ఫ్‌బజ్‌లో అలాంటిది వస్తే కనీసం తెరిచి చూసే వీలుంది, కానీ ఆ గుర్తింపు నియమాలను సరిదిద్దే వీలు రాగెల్ ఇన్‌స్టాల్ అయి ఉన్న యంత్రంలోనే.

హార్ఫ్‌బజ్‌లో ఇంకో చిక్కు కూడా చూడదగ్గది. అది ఫాంట్ల కోసం ఫ్రీటైప్‌ను వాడుకోగలదు. ఫ్రీటైప్ తన అక్షరాల సవరింపు కోసం హార్ఫ్‌బజ్‌ను వాడుకోగలదు. విత్తు ముందా చెట్టు ముందా? రెండూ సోర్స్ నుంచే కట్టేవాళ్ళు ముందు హార్ఫ్‌బజ్ లేకుండా ఫ్రీటైప్, దానితో హార్ఫ్‌బజ్, మళ్ళీ దానితో ఇంకోసారి ఫ్రీటైప్ బిల్డ్ చేస్తూ వచ్చారు.

ఈ విత్తు ప్రశ్నే కంపైలర్‌కూ వర్తిస్తుంది. యూనిక్స్ కర్తల్లో ఒకడైన కెన్ థాంప్సన్, 1984లో అచ్చైన తన ట్యూరింగ్ అవార్డు ప్రసంగంలో, ఒక భయంకరమైన ఉపాయం చెప్పాడు: కంపైలర్‌లో దొంగదారి పెట్టి, ఆ కంపైలర్ తనను తాను కంపైల్ చేసుకున్నప్పుడు దొంగదారి మళ్ళీ చేరేలా చేస్తే, సోర్స్ ఎంత వెతికినా అది కనిపించదు. దీనికి జవాబుగా గ్నూ గీక్స్ ప్రాజెక్టు 2023లో, కేవలం 357 బైట్ల విత్తనం నుంచి మొదలుపెట్టి, మెట్టు మెట్టుగా సోర్స్ నుంచే జీసీసీ దాకా ఎక్కింది. 357 బైట్లంటే ఒక మనిషి కూర్చుని చేత్తో చదవగలిగినంత. ఈ రంగంలో నాకు అన్నిటికంటే నచ్చిన పని ఇదే, ఇంట్లో మనకు దానితో రోజువారీ ఉపయోగం ఏమీ లేకపోయినా.

కొత్త భాషలు ఈ సామాను గొడవను చాలావరకు కప్పేశాయి. రస్ట్‌కు రస్టప్ వేస్తే కంపైలర్, కార్గో అన్నీ వస్తాయి. కప్పాయంతే, తీసేయలేదు. ఖాళీ ఉబుంటులో రస్ట్ వేసి మొదటి ప్రోగ్రామును బిల్డ్ చేస్తే, సీసీ అనే లింకర్ దొరకలేదంటుంది. మళ్ళీ బిల్డ్-ఎసెన్షియల్ దగ్గరికే. పైథాన్ ప్యాకేజీల్లో సీ కోడ్ ఉండి, ముందే కట్టినది మన యంత్రానికి దొరకకపోతే, పైథాన్ హెడర్ లేదన్న ఫిర్యాదు వస్తుంది. ఇక ఇంటర్నెట్‌లోని స్క్రిప్టును దించి నేరుగా సుడోతో నడిపించే సూచనలను నేను పాటించను. ఒక్క నిమిషం ఆదా కోసం యంత్రం తాళాలు చేతిలో పెట్టడమెందుకు?

బిల్డ్ సామానంతా విడి పెట్టెలో ఉంచే కంటెయినర్ వాడితే యంత్రం శుభ్రంగా ఉంటుంది, ఎవరి సెటప్ వాళ్ళకు పక్కాగా పనిచేస్తుంది. డిస్క్ మాత్రం తింటుంది. అసలు పెద్ద ప్రాజెక్టులే డిస్క్ తింటాయి: క్రోమియం బిల్డ్ చేయాలంటే సోర్స్, బిల్డ్ కలిపి 100 జీబీ ఖాళీ స్థలం అడుగుతారు. హాస్టల్ వైఫైలో అది దించే ప్రయత్నం చేయకండి. మెమరీ సంగతీ అంతే. మేక్‌కు పక్కన అంకె పెట్టకుండా జే ఆప్షన్ ఇస్తే ఎన్ని పనులు వీలైతే అన్నీ ఒకేసారి మొదలుపెడుతుంది. 4 జీబీ ల్యాప్‌టాప్ ఉక్కిరిబిక్కిరై, సీ ప్లస్ ప్లస్ కంపైలర్‌ను కెర్నల్ చంపేస్తుంది. అది కోడ్ తప్పనుకుని ఫోరాల చుట్టూ తిరగకుండా జే2 ఇచ్చి టీ తాగి రావడం మేలు. ఇన్‌స్టాల్ కూడా సుడోతో సిస్టంలోకి కాకుండా, ప్రిఫిక్స్ ఆప్షన్‌తో ఇంటి ఫోల్డర్లోకి చేసుకుంటే తరవాత ఆ ఫోల్డరే తుడిచేయొచ్చు. సీమేక్ అన్‌ఇన్‌స్టాల్ తనంతట ఇవ్వదు. ఏ ఫైళ్ళు ఎక్కడ పెట్టిందో ఒక జాబితా మాత్రం బిల్డ్ ఫోల్డర్లో వదిలి వెళుతుంది.

తెలుగు అనువాదాలు చేసేవాళ్ళకు ఒక మాట. మీ అనువాదం తెర మీద ఎలా కనిపిస్తుందో చూడటానికి, గెట్‌టెక్స్ట్ వాడే ప్రోగ్రామైతే, మొత్తం సాఫ్ట్‌వేర్‌ను బిల్డ్ చేయనక్కర్లేదు. గెట్‌టెక్స్ట్ ప్యాకేజీలోని ఎంఎస్‌జీఎఫ్ఎంటీ అనే పనిముట్టు ఒక్కటి ఉంటే మీ పీఓ ఫైలును ఎంఓ ఫైలుగా మార్చి, సిస్టంలోని తెలుగు ఫోల్డర్లో పెట్టి ప్రోగ్రాం తెరవొచ్చు. వాక్యం బటన్‌లో పట్టలేదని, "దస్త్రం" కంటే "ఫైలు" అన్నదే బాగుందని అప్పుడు తెలుస్తుంది.

టెసరాక్ట్ ఆ సాయంత్రం చివరికి బిల్డ్ అయింది. ఎల్‌డీ-కాన్ఫిగ్ నడపడం మరిచిపోతే లైబ్రరీ దొరకలేదంది, అదీ చేశాను. తెలుగు పేజీ ఇస్తే తెలుగు డేటా ఫైలు లేదంది, ఎందుకంటే భాషల డేటా సోర్స్‌తో రాదు, విడిగా దించుకోవాలి. దించాను, చదివింది, కొన్ని వత్తులు తప్పు చదివింది. ఆ తప్పులు సరిదిద్దాలంటే ఆ డేటాను మళ్ళీ నేర్పించాలి. నేర్పించే పనిముట్లు మామూలు బిల్డ్‌లో రావు. పాంగో, కైరో, ఐసీయూ హెడర్లు తెచ్చి, ట్రెయినింగ్ భాగాన్ని వేరుగా బిల్డ్ చేయాలి. అందులో టెక్స్ట్2ఇమేజ్ అనేది తెలుగు ఫాంట్లతో మాటలను బొమ్మలుగా గీసి టెసరాక్ట్‌కు చూపిస్తుంది. పాంగో ఆ మాటలను గీయడానికి పిలిచేది హార్ఫ్‌బజ్‌నే. ఆప్ట్‌కు మళ్ళీ మూడు పేర్లు ఇచ్చి, డౌన్‌లోడ్ మొదలైందని చూసి, లైటు ఆపేశాను.